కొన్న కర్ర, చేసిన కర్ర

"దాని మీద చెయ్యి వేశావంటే ఊరుకోను!"

బుల్లిరాజు అరుపుకి, అరబ్బు దేశంలో సిత్రా అనే ఊళ్ళోని ఆ చెక్కపని షెడ్డు మొత్తం తిరిగి చూసింది.

ఆ పొద్దునే పనిలో చేరిన భీమన్న చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

అతను పట్టుకోబోయింది ఓ పసుపుపచ్చ ప్లాస్టిక్ తోపుడు కర్ర. రంపం మిషను మీద సన్న బద్దలు కోసేటప్పుడు, వేళ్ళు బ్లేడు దాకా వెళ్ళకుండా బద్దను వెనక నుంచి నెట్టేది. కంపెనీ ఇచ్చింది కాదు, బుల్లిరాజు మనామాలో సొంత జీతం పెట్టి కొనుక్కున్నది.

"జర్మనీ సరుకు. మీ జగిత్యాలలో ఎప్పుడైనా చూశావా?" అన్నాడు గొప్పగా.

"చూడలేదన్నా. గని కొన జెర నున్నగున్నది. బద్ద ముంగట లేస్తె జారుతది. కట్టెతోటి నేనొకటి చేసిస్త."

వచ్చి ఒక్క పూట కాలేదు, అప్పుడే సలహాలు!

బుల్లిరాజుకి ఒళ్ళు మండింది. రాజోలు నుంచి వచ్చి ఇన్నేళ్ళయింది, ఆ మిషను ముందు అతను తప్ప ఇంకొకడు నిలబడలేదు. రంపం బుల్లిరాజు అంటే రిఫా సైట్లలో కూడా తెలుసు. ఆ చోటు పోతే అతనికి ఇంక పేరేముంది?

"నువ్వు హెల్పరువి. అవతల నిలబడి కోసిన బద్ద లాగు, చాలు."

భీమన్న నవ్వి అవతలికి వెళ్ళాడు.

మర్నాడు టీ వేళకి, తుక్కు ప్లైవుడ్‌తో నిజంగానే ఒకటి చేసి తెచ్చాడు. చెప్పు ఆకారంలో ఉంది. పొడుగాటి అడుగు బద్దని పైనుంచి అణిచి పడుతుంది, వెనకున్న మడమ ముందుకు తోస్తుంది.

"బ్లేడు తగిలితె కట్టె తెగుతది, ఏలు తెగదు. ఇంకోటి చేసుకునుడే."

ఫోర్‌మన్ అప్పాజీ దాన్ని తిప్పి తిప్పి చూశాడు. "భలే ఉందయ్యా! బుల్లిరాజూ, ఇది వాడు."

అంతే, ఆ పూట బుల్లిరాజుకి అన్నం సహించలేదు.

పక్క షెడ్డులో చిత్రిక మిషను నడిపే సోమరాజు తనకొకటి కావాలన్నాడు. పాకిస్తానీ భాయ్ ఒకడు చేయించుకుని భీమన్న భుజం తట్టి వెళ్ళాడు. బుల్లిరాజు ప్లాస్టిక్ కర్ర వంక చూసే నాథుడే లేడు.

'నిన్నగాక మొన్న వచ్చినవాడికి ఇంత వైభోగమా!' అని కుళ్ళిపోయాడు. కుళ్ళు అని మాత్రం ఒప్పుకోలేదు. ఎవరొప్పుకుంటారు గనక!

ఓ రోజు అందరి ముందూ నిలదీశాడు.

"అంత తెలిసినోడివి, రావోయ్. మిషను ముందు నిలబడి నువ్వే కొయ్యి."

భీమన్న వెనక్కి జరిగాడు. "నాతోని కాదన్నా. రంపమంటె నాకు భయం."

"రంపమంటే భయమంట! ఈయన మనకి నేర్పుతాడంట!"

బుల్లిరాజు క్యాంపంతా తిరిగి అదే చెప్పి నవ్వాడు. అయినా కడుపుమంట చల్లారలేదు.

దసరా సెలవు రోజునే పడింది. మిషను కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టారు. ఎవరి పనిముట్లు వాళ్ళు తెచ్చి వరసగా పేర్చారు. నడిమధ్యన బుల్లిరాజు పసుపుపచ్చ కర్ర.

భీమన్న దాని పక్కన ఓ కొత్త చెక్క కర్ర పెట్టాడు.

"నీదేనన్నా. నీ చెయ్యి కొలతకే చేసిన."

బుల్లిరాజు దాన్ని తీసుకెళ్ళి, షెడ్డు బయట టీ కాచే పొయ్యిలో పడేశాడు.

"పూజ పనిముట్లకి. పొయ్యిలో పుల్లలకి కాదు."

భీమన్న కళ్ళు ఎర్రబడ్డాయి. హారతి కళ్ళకద్దుకుని వెళ్ళిపోయాడు.

బుల్లిరాజు అక్కడితో ఆగితేనా!

"వాడైనా ఉండాలి, నేనైనా ఉండాలి," అని అప్పాజీ దగ్గర పట్టుబట్టాడు.

అప్పాజీ ఏదో చెప్పబోయి మానేశాడు. మర్నాడే భీమన్నని కర్జకాన్ సైటుకి, ఎండలో సెంట్రింగ్ చెక్కలు మోసే పనికి పంపేశారు.

"చేతులు పైలం అన్నా," అన్నాడు పోతూ. బుల్లిరాజు మిషను స్విచ్చి వేశాడు.

చలికాలం మొదట్లో ఓ మధ్యాహ్నం, సన్న బద్ద ముందు కొన పైకి లేచింది. నున్నటి ప్లాస్టిక్ జారింది. బొటనవేలి కొస తెగిపోయింది.

ఆసుపత్రి నుంచి కట్టుతో క్యాంపుకి వచ్చేసరికి, అప్పాజీ గది ముందు కూర్చుని ఉన్నాడు.

"కంపెనీవాళ్ళు ఖలాస్ అన్నారు బుల్లిరాజూ. ఇక నిన్ను మిషను ముందు నిలబడనివ్వరు. హెల్పరుగా అవతల ఉండాలి."

బుల్లిరాజుకి ఏడుపొచ్చింది. అయినా నోట్లోంచి ముందు వచ్చిన మాట వేరు.

"నా చోట ఎవణ్ణైనా పెట్టండి. ఆ భీమన్నని మాత్రం పెట్టొద్దండీ. నేను చూళ్ళేను."

"వాడెక్కడున్నాడయ్యా? మోతపని పడక, వీసా క్యాన్సిల్ పెట్టుకుని పోయిన వారమే ఇంటికెళ్ళిపోయాడు."

అంత నొప్పిలోనూ బుల్లిరాజుకి ప్రాణం లేచొచ్చింది. "హమ్మయ్య, పీడా వదిలింది!"

అప్పాజీ లేచి నిలబడ్డాడు.

"నీకు చెప్పనని వాడు ఒట్టేయించుకున్నాడు గానీ, ఇక దాచి ఏం లాభం? నీ వేళ్ళు బ్లేడుకి మరీ దగ్గరగా పోతున్నాయని, నీ చోట నిలబెట్టడానికి కంపెనీ రప్పించిన రంపం మేస్త్రీ వాడే. వచ్చిన పూటే నీ పని చూసి నా దగ్గరికొచ్చి, 'ఆయన జాగ నాకొద్దు సారూ, చేతిల మంచి కట్టె పెడితె ఆయనే చేసుకుంటడు, నేను హెల్పర్నని చెప్పుండ్రి' అన్నాడు."