రంగు వేసిన దూలం

మోయిన్ సుత్తితో కొడితే ఇనుపమేకు వంగలేదు. వెల్డింగ్ ఊడి దూలం మీద నుంచి ఎగిరిపడింది.

"పైకప్పు కాంక్రీటును దూలానికి పట్టి ఉంచేది ఈ మేకులే, ఉమేషన్నా. పూజకు మెరవాలని ముందే రంగేయిస్తివి. రంగు మీద వెల్డింగ్ నిలుస్తాదా? గీకి మళ్లీ అతికిస్తా."

"ఒగటి ఊడితే యేమప్పా? కాంక్రీటు కలిపే మిల్లరు తిరుగుతాంది."

"ఇంకోటి నువ్వే కొట్టి సూడు."

ఉమేష్ కొట్టాడు. అదీ ఊడింది.

"పోయండి" అని కూలీలకు చెప్పాడు. కింద మగ్గాలకు చోటు కొలుస్తున్న భార్యను కేకేశాడు.

"సుకన్యా, మన మగ్గం ఈడొద్దు. పాతింట్లోనే ఉండనీ."

"మరి కూలికి నేసేటోళ్లవి?"

"అవి ఈడే."

సుకన్య తలెత్తి చూసింది. పైన కాంక్రీటు పడుతోంది.