గేర్‌బాక్సులో ఏదో శబ్దం

చినబాబు గేర్‌బాక్సును మళ్లీ కిందికి దించాడు. ఇది మూడోసారి. పళ్లచక్రాలన్నీ గోనెపట్టా మీద పరిచాడు. ఒక్కొక్కదాన్నీ డీజిలుతో కడిగి, పళ్ల మీద వేలు నడిపి చూశాడు. ఒక్క పన్ను విరగలేదు. బేరింగులు కొత్తవి. ఆయిలూ మొన్న కొత్తదే పోశాడు. మరి ఆ మాయదారి శబ్దం ఎక్కడ పుట్టి చస్తోంది?

ఎర్రటి స్పోర్ట్స్ కారది. శృంగవరపుకోట శివార్లలో, జీడిపిక్కలు దాచుకునే రేకుల షెడ్డులో, తన చేతుల్తో తానే కట్టుకున్నాడు. ఇంజనూ గేర్‌బాక్సూ తుక్కుకి పోయిన ఓ వ్యానువి. పైబాడీని మాత్రం భీమిలి వైపు ఫైబరు పడవలు చేసేవాళ్ల చేత పోయించాడు. ఊళ్లో జనం పగలబడి నవ్వారు. ఆ నవ్వినవాళ్లే తర్వాత దాని పక్కన నిలబడి ఫొటోలు దిగారు.

ఆదివారం అనంతగిరి ఘాట్ రోడ్డు మీద ఇలా సొంతంగా కట్టుకున్న కార్లకి పోటీ ఉంది. దానికి పేరిచ్చినరోజు ఇంట్లో పెద్ద రభస జరిగింది. తల్లి అసిరమ్మ అన్నం మానేసింది. భార్య రేఖ మాట మానేసింది. అక్క మొగుడు భాస్కర్ పనిగట్టుకుని వచ్చి, ఆ మలుపుల్లో మొనగాళ్లే లోయలో పడ్డారని భయపెట్టాడు. చినబాబు ససేమిరా అన్నాడు.

చివరికి అసిరమ్మే దిగొచ్చింది.

"కారు బాగుంటే ఎల్లు. ఏమాత్రం తేడా ఉన్నా ఎల్లనని నా మీద ఒట్టెయ్యి."

వేశాడు. ఆ మర్నాడే, గేర్‌బాక్సులో ఏదో శబ్దం వస్తోందని ముగ్గురూ గొడవ మొదలుపెట్టారు.

ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని బొడ్డవర దాకా తిప్పాడు. బండి నడుపుతూ మాట్లాడటం కుదరదు కనక, శబ్దం వచ్చినప్పుడు భుజం మీద తట్టమన్నాడు.

ముందు రేఖ. రెండో గేరులో తట్టింది. బండి పక్కకి తీసి ఆపాడు. ఆమె దుమ్ముకి చున్నీ మూతికి అడ్డం పెట్టుకుని ఉంది.

"ఆ సున్నీ తీసి సెప్పవే. ఏటి శబ్దం?"

"గరగరమంటాది మావా. రాళ్లు నూరినట్టు."

గరగర అంటే బేరింగు అరిగినట్టే. విజయనగరం వెళ్లి కొత్తవి తెచ్చి వేశాడు.

తర్వాత అసిరమ్మ. ఆవిణ్ని ఆ పల్లపు సీట్లోకి దించేసరికి తాతలు దిగొచ్చారు. నాలుగో గేరులో తట్టింది.

"కీసుకీసుమంటాది నాయినా. ఎలకపిల్ల అరిసినట్టు."

కీచు అంటే ఆయిలు అందడం లేదేమో. మళ్లీ దించి, పాతది వంపేసి కొత్తది పోశాడు.

ఆఖరికి భాస్కర్. మూడో గేరు వేయగానే తట్టాడు. బుగ్గలో కిళ్లీ.

"ముందది ఉమ్మేసి, నాకేసి సూసి సెప్పు బావా."

భాస్కర్ ఉమ్మేసి వచ్చాడు. "టకటకమంటాది రా. పన్ను ఇరిగిపోనాదేమో."

విరిగిన పన్ను కోసమే ఇవాళ మళ్లీ విప్పాడు. విరగలేదు. రెంచీ తీసి షెడ్డు గోడకి విసిరికొట్టాడు. ఎన్నాళ్ల కష్టం. తీరా పోటీ ముంగిట్లో ఇదేం ఖర్మ? నడిపేటప్పుడు గేరు కర్ర మీద అరచెయ్యి ఆనిస్తే తేడా అదురేదీ తగలడం లేదు. చెయ్యి ఒకటి చెబుతోంది. ఇంట్లోవాళ్లు మూడు చెబుతున్నారు.

మధ్యాహ్నానికి అన్నీ బిగించి, ఊళ్లోని ముసలి మెకానిక్కు జగన్నాధాన్ని పిలిపించాడు. ఆయన బొడ్డవర దాకా తోలుకెళ్లి వచ్చాడు.

"ఏటీ నేదు బాబూ. బండి సుబ్బరంగా ఉన్నాది."

టీ పట్టుకొచ్చిన రేఖ వెంటనే అందుకుంది. "ఆ తాతకి సెవుడు మావా. పక్కన బాంబు పేలినా ఇనపడదు."

అనేసి నాలుక కరుచుకుంది. చినబాబు ఆమెకేసి ఓ చూపు చూసి, టీ తాగకుండానే గ్లాసు పక్కన పెట్టేశాడు.

సాయంత్రంలోగా వస్తున్నదీ లేనిదీ పోటీవాళ్లకి చెప్పాలి. ఫోనులో "రాలేను" అని కొట్టాడు. ఏడుపొచ్చింది. పంపడానికి వేలు ఆడలేదు. తల్లి మీద ఒట్టు తప్పలేడు, కారుని వదులుకోనూ లేడు.

కడసారి చూద్దామని వెనకచక్రాలకి జాకీలు పెట్టి లేపాడు. ముగ్గురినీ షెడ్డులోకి పిలిచి, బానెట్టు ముందు వరసగా నిలబెట్టాడు.

"ఏ గేరులో వస్తాదో అందరూ కలిసి తేల్సేయండి. కళ్లు మూసుకుని బాగా ఇనండి. వచ్చినప్పుడు సెయ్యెత్తండి."

"నాకు పొయ్యి మీద కూరున్నాది," అంది అసిరమ్మ.

"కూర మాడితే మాడనీ. కళ్లు ముయ్యమ్మా."

మూశారు. చినబాబు సీట్లో కూర్చుని ఇంజను వేశాడు. చక్రాలు గాలిలో తిరిగాయి. వాళ్ల ముగ్గురి మీదనుంచీ చూపు తిప్పలేదు.

ఒకటో గేరు. భాస్కర్ చెయ్యి లేచింది. రేఖ కదల్లేదు. అసిరమ్మా కదల్లేదు.

రెండో గేరు. ఎవరూ ఎత్తలేదు.

మూడో గేరులో రేఖ ఎత్తింది. నాలుగో గేరు దాటి, బండిని న్యూట్రల్లోకి తెచ్చాక, ఇంకా ఆలస్యమైతే బాగోదనుకుందో ఏమో, అసిరమ్మ గబుక్కున రెండు చేతులూ ఎత్తేసింది.

చినబాబు ఇంజను ఆపాడు. ఫోను తీసి "రాలేను" చెరిపేశాడు. "వస్తున్నాను" అని కొట్టి పంపించేశాడు.

ఏడో ఏట జ్వరంలో రెండు చెవులూ పోయినవాణ్ని ఆ ఘాట్ రోడ్డెక్కకుండా ఆపడానికి ముగ్గురూ కలిసి లేని శబ్దాన్నయితే పుట్టించారు గానీ, అది ఎలా వస్తుందో, ఎప్పుడు వస్తుందో ముందుగా ఓ మాట అనుకోవడం మరిచిపోయారు.