సుద్దపొడి

"ఏంటిది?" అంది హెడ్‌మిస్ట్రెస్, గుమ్మంలో నిలబడి.

బడి అటెండరు చేతిలో చాక్‌పీసు అలాగే ఉండిపోయింది. పిల్లలూ టీచర్లూ వెళ్ళిపోయి చాలాసేపయింది. ఈవిడా వెళ్ళిపోయిందనే అనుకున్నాడు. గబుక్కున మడిచి జేబులో పెట్టుకోవడానికి అది కాగితం కాదు, గోడంత నల్లబల్ల. దాని మీద అతని వంకర అక్షరాలు: 'ఈరోజు గంట కొట్టమనడానికి తప్ప నన్నెవరూ పిలవలేదు. ఇంటిది పోయాక, కూరలో ఉప్పెక్కువైందని తిట్టేవాళ్ళు కూడా లేరు.'

ఆవిడ రెండు వాక్యాలూ చదివింది. ముఖంలో ఏమీ కదల్లేదు. ఆ ముఖం చూస్తే టీచర్లకే నోట మాట రాదు. ఆవిడ చెప్పుల చప్పుడు వినబడితే చాలు, స్టాఫ్‌రూమ్‌లో నవ్వులు టక్కున ఆగిపోతాయి.

"రోజూ రాస్తావా?"

"రాసి తుడిచేస్తాను మేడమ్."

"తుడిచేసేదానికి రాయడమెందుకు? ఓ నోటుబుక్కు కొనుక్కోలేవూ?"

అతను నసిగాడు. పుస్తకంలో రాస్తే అది తనతోపాటే ఇంటికొచ్చి, తన పక్కలోనే పడుకుంటుందన్నాడు. బల్ల మీదైతే రాసినప్పుడు గుండెలోంచి పోతుంది, తుడిచినప్పుడు కళ్ళముందు నుంచి పోతుంది. ఆ తర్వాత ఇంటికెళితే నాలుగు ముద్దలు లోపలికి దిగుతాయి. ఇంతకీ మీరింకా ఇంటికెళ్ళలేదేం అని అడగబోయి, మాట మింగేశాడు.

ఆవిడ చెయ్యి చాపింది. "ఈ గది తాళంచెవి ఇలా ఇవ్వు. రేపట్నుంచి నా దగ్గరుంటుంది."

ఉద్యోగం పోనందుకు సంతోషించాల్సినవాడు, ఆ రాత్రి అన్నం కలిపి వదిలేశాడు.

మర్నాడు ఎప్పట్లాగే గంట కొట్టాడు, కుళాయిలు కట్టేశాడు. బడి వదిలాక వరండా మెట్టు మీద కూలబడ్డాడు. దుమ్ములో వేలితో ఒక అక్షరం రాసి, ఎవరో చూసినట్టు అరిచేత్తో చెరిపేశాడు. ఆ గది తలుపు లోపల్నుంచి వేసి ఉంది. ఆవిడ నా సుద్దముక్కలు లెక్కపెడుతోంది కాబోలు అనుకున్నాడు.

చాలాసేపటికి ఆవిడ బయటికొచ్చింది. "కిటికీలు వేసి తాళం పెట్టు," అంటూ, ముఖం చూడకుండా తాళంచెవి అతని చేతిలో పెట్టి గేటు వైపు నడిచింది. పాఠం చెప్పడం మానేసి ఏళ్ళయిన మనిషి వేళ్ళనిండా సుద్దపొడి.

అతను లోపలికి వెళ్ళాడు.

నల్లబల్ల నడిమధ్య నిలువుగా ఒక గీత. ఎడమ సగమంతా పైనుంచి కిందిదాకా గుండ్రటి అక్షరాలు. కుడి సగం ఖాళీ. ఆ ఖాళీ పైన, మూలకి, చిన్నగా ఒక్క వరుస:

'ఈ సగం నీది. నాది చదివాకే తుడువు.'