పద్దెనిమిదో మూత

ఛార్జింగ్ పూర్తయ్యాకే బ్యాటరీలకు నీళ్లు పోయాలి. అందుకే ఆ పని ఎప్పుడూ అర్ధరాత్రికే పడుతుంది. మామగారికి నడుం పట్టేయడంతో ఆ రాత్రి అల్లుడొక్కడే తాళం తీసి, టార్చీ నీళ్ల క్యానూ పట్టుకుని నేలమాళిగలోని బ్యాటరీ గదిలోకి దిగాడు.

మొదటి సెల్ మూత తీశాడు. నిండుగా ఉంది. రెండోదీ అంతే. పదిహేడోదాని దాకా ఒక్కదానికీ చుక్క పట్టదు. పద్దెనిమిదోదాని మూత మాత్రం ఎవరో తీసి పక్కన పెట్టారు. అది ఇంకా తడిగా ఉంది.

వెంటనే మామగారికి ఫోన్ చేశాడు.

"మామయ్యా, పదిహేడు సెల్స్ నిండి ఉన్నాయి. మీరేమన్నా వచ్చి పోశారా?"

"మంచం దిగలేక చస్తుంటే నేనొచ్చి పోయడం కూడానా! తాళంచెవి నీ దగ్గరేగా ఉంది? నిద్రమత్తు వదిలించుకుని పద్దెనిమిదోది కానివ్వు. పోశాక మూత బిగించి, గోటితో రెండుసార్లు కొట్టడం మర్చిపోకు. చప్పుడు నాకు వినపడాలి."

అల్లుడు ఒక్కో అడుగే వెనక్కి వేస్తూ తలుపు దాకా వచ్చి, టార్చి మెట్ల వైపు తిప్పాడు.

వెనక చీకట్లో మూత బిగుస్తున్న కిరకిర. తర్వాత టక్, టక్.

"భేష్," అన్నాడు మామ ఫోన్లో. "ఇక పంతొమ్మిదోది కానివ్వు."

అల్లుడు క్యాన్ మూత ఇంకా తీయనేలేదు.