మధ్యాహ్నం ఫోను

పెద్దకర్మ భోజనాల దగ్గర అందరూ అప్పలసూరినే తలుచుకుంటున్నారు. డ్యూటీ మీద ఏ ఊళ్లో ఉన్నా, మధ్యాహ్నం ఫోన్ చేసి పెళ్లాం తిన్నదో లేదో కనుక్కోని రోజు లేదట. పిల్లలకీ, తర్వాత మనవరాలికీ ఫోన్లోనే కథ చెప్పి నిద్రపుచ్చేవాడట.

అంతలో ఆయన భార్య వరహాలమ్మ ఫోన్ మోగింది.

"అన్నం తిన్నావేటే, వరాలూ?" అచ్చం ఆయన గొంతే, పంక్తిలో అందరికీ వినపడేలా.

విస్తళ్ల ముందు చేతులు ఆగిపోయాయి. కొడుకు తల దించుకున్నాడు.

"పలకరింపు మిషనమ్మా, నాన్న గొంతుతో అదే ఫోన్ చేసి మాట్లాడుతుంది. మగాళ్లందరూ పెట్టించుకునేదే. ఆపించడం మర్చిపోయాను."

"ఎప్పట్నుంచిరా?"

"నేను బడికెళ్లే రోజుల్నుంచి."

వరహాలమ్మ ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకుంది.

"ఇన్నాళ్లూ నాను సెప్పుకున్న ఏడుపులన్నీ ఆయనకి సెప్పీదానివా?"

"ఆయన ఎప్పుడూ అడగలేదండీ," అంది అదే గొంతు.