డెబ్బై రెండు శాతం

ఇఫ్తారుకు సమోసాలు వేయిస్తున్న షంషాద్‌ను వంటింటి గోడలోని మాట్లాడే యంత్రం ఎప్పటిలాగే హెచ్చరించింది. "మీరు క్రైస్తవంలోకి మారినట్టు సర్కారు రికార్డుల్లో నమోదు చేస్తే బంధువులందరి ఫోన్లకూ కబురు వెళ్తుంది. మీ ప్రాణానికి ముప్పు డెబ్బై రెండు శాతం. రహస్యంగా ఉంచమంటారా?"

బాప్తిస్మం తీసుకున్న ఈ మూడేళ్లూ ఆమె ఉంచమనే అంది. ఇవాళ ఆ మాట నోట రాలేదు.

"వద్దు. చెప్పెయ్."

"కొత్త పేరు?"

"కొత్తదెందుకు? మా అమ్మీ పెట్టిందే ఉండనీ."

పక్క గదిలో ఖర్జూరాలు సర్దుతున్న అన్న ఖాదర్‌బాషా ఫోను మోగింది. పళ్లెం కింద పడింది.

షంషాద్ పొయ్యి ఆర్పి, సమోసాలతో నేరుగా అతని ముందుకెళ్లి కూర్చుంది.

"రోజా ఇడిచే వేళయింది, తిను భయ్యా. తిన్నాక ఏం చేసుకుంటావో చేసుకో. నేను మాత్రం యాడికీ పోను."