మూత మీద చెయ్యి

"జ్ఞానేశ్వర్ మన బడిలోనే చదివిన..." అంటుండగా మైకు ఆగిపోయింది.

హెడ్‌మిస్ట్రెస్ మంజుల చేతిలో కాగితం పట్టుకుని అలాగే నిలబడింది.

ఎంకపల్లి బడిలో ఆ రోజు పుస్తకాల గదికి లైన్‌మన్ జ్ఞానేశ్వర్ పేరు పెడుతున్నారు. పోయిన వానాకాలం బడి దారిలో తీగ తెగిపడితే, ఇద్దరు పిల్లల్ని అవతలికి లాగేసి తాను మిగలని మనిషి.

ఈ ఏడే బదిలీ మీద వచ్చిన వ్యాయామ ఉపాధ్యాయుడు కృపాకర్ బడి వెనక్కి పరుగెత్తాడు. ఊళ్లో పొద్దటి నుంచి కరెంటు లేదు. మొయినాబాద్ నుంచి కిరాయికి తెచ్చిన చిన్న జనరేటర్ మీదే సభ నడుస్తోంది.

దాని ట్యాంకు మూత సందులోంచి పెట్రోలు కారుతోందని టెంటు హౌస్ శాంసన్ మూత కింద పాలిథిన్ కవరు వేసి బిగించాడు. కారడం ఆగింది. ఇంజను కూడా ఆగింది.

"గాలి తూటు మూసినవు శాంసన్. ఇంజను ఎట్ల నడుస్తది?"

"కవర్ తీస్తే కారుతది సార్. పక్కన సైలెన్సర్ కాలుతున్నది. అంటుకున్నదంటె లోపల గోడకు నా ఫోటో గూడ పెడుతరు."

కృపాకర్ కవరు పీకేశాడు. పాత చెప్పు రబ్బరును గుండ్రంగా కోసి మూతలో అమర్చాడు. కానీ మూత పట్టు అరిగిపోయి ఉంది. ఇంజను అదిరితే పైకి లేస్తోంది. ఎవరో ఒకరు అదిమి పట్టుకోవాలి.

శాంసన్ రెండడుగులు వెనక్కి వేశాడు.

"నేను పట్టుకుంట సారు."

నీలం చీరలో ఒక పెద్దావిడ. ఎప్పుడు వచ్చిందో ఇద్దరూ చూడలేదు.

"నీకెందుకవ్వా? నీడకు కూసో పో. బువ్వలు అటు దిక్కు పెడుతరు."

"తిననీకి రాలే బిడ్డా. మైకు చాలూ చేయి."

పక్కనే కూర్చుని, మూత మధ్యలో ఉన్న రంధ్రాన్ని వదిలేసి, చుట్టూ వేళ్లు ఆనించి అదిమింది. కృపాకర్ తాడు లాగాడు, ఇంజను అందుకుంది. మైకులో మంజుల గొంతు మళ్లీ పలికింది. చుక్క కారలేదు.

మంజుల చదవడం పూర్తి చేసింది.

"జ్ఞానేశ్వర్ తల్లి మైసమ్మ గారు వేదిక మీదికి రావాలి."

ఎవరూ రాలేదు. మళ్లీ పిలిచింది.

జనరేటర్ దగ్గర కృపాకర్ నిట్టూర్చాడు. "సూడవ్వా. అసొంటి కొడుకును కన్నది, జరసేపు వచ్చిపోలేకపాయె."

"ఏదో పనిల ఉండొచ్చు సారు."

ఆమె చూపు మూత మీదే ఉంది.

చివరికి ఆ ఇద్దరు పిల్లలే పేరు మీది గుడ్డ లాగారు. చప్పట్లు వెనక దాకా వినిపించాయి.

"మస్తు మంది వచ్చిన్రా సారు?"

"కుర్చీలు చాల్లేదు. బయట గూడ నిలవడ్డరు."

ఆమె నడుము నిటారుగా చేసుకుంది. జాతీయ గీతం మొదలవగానే లేచి నిలబడింది. మూత మాత్రం వదల్లేదు.

సభ ముగిశాక కృపాకర్ ఇంజను ఆపాడు. ఆమె వేళ్లు విప్పుకోవడానికి కొంత సమయం పట్టింది.

"ఆగవ్వా, అన్నం పెట్టిస్త."

విస్తరి తీసుకుని వచ్చేసరికి ఆమె లేదు.

గేటు వైపు నుంచి బాలమల్లు కళ్లు తుడుచుకుంటూ వస్తున్నాడు. ఆ ఇద్దరు పిల్లల తండ్రి.

"మైసమ్మవ్వను ఇప్పుడే చేవెళ్ల బస్సు ఎక్కించిన సారు."

"వచ్చిందా! మరి పిలిస్తే రాకపాయె? ఏడ కూసున్నది?"

"మీ జనరేటర్ కాడనే కూసున్ననన్నది."

కృపాకర్ విస్తరితోనే జనరేటర్ వైపు తిరిగాడు.

"స్టేజీ మీదికి ఎందుకు పోలేదవ్వా అని అడిగిన సారు," అన్నాడు బాలమల్లు. "నా కొడుకు కరెంటోడు, వాని పేరు చదువుతుంటె కరెంటు పోనిస్తనా అన్నది."